కొండమీది బసకు రెండు కార్తెల లెక్క

సేద్యమొక్కటే నమ్ముకొన్నవానికి సొమ్ము ఏటికొకమాఱు చేతికి వచ్చును. ఖర్చు మాత్రము పండ్రెండు నెలలు నుండును. కావున సేద్యమునకు తోడుగా మఱియొక రాబడి కావలెనని రైతు కోరుట న్యాయమే. పాడి, కోళ్లు, తేనెటీగలు మున్నగు ఉపవృత్తులు మనవారికి క్రొత్తవి కావు. ఇప్పుడు మన్యప్రాంతపు సభ్యులు వేఱొక ప్రశ్న మమ్ము తఱచుగా అడుగుచున్నారు. కాఫీతోట ప్రక్కనున్న గట్టుమీద నాలుగు గదులు వేసి, పట్టణములనుండి వచ్చు యాత్రికులకు బస యిచ్చినచో లాభము కలుగునా? అచ్చటికి కరెంటు తీగ లేదు, కుళాయి లేదు, బాట వానలకు తెగును. అయినను సాగునా? - ఇదియే ఆ ప్రశ్న.

లంబసింగి, వంజంగి, అరకు, మారేడుమిల్లి మున్నగు చోట్లకు చలికాలమున వచ్చు జనసమూహమును చూచినవారికి ఈ యాలోచన పుట్టుట వింత కాదు. అట్టి బసను పట్టణవాసులు ఇకో లాడ్జి యని పిలుచుచున్నారు. కొండ యిచ్చిన నీటితోను, సూర్యుడిచ్చిన శక్తితోను, అడవికి చెఱుపు లేకుండ నడుపబడు అతిథిగృహమని దాని భావము. దేశములోని గ్రామములన్నిటికిని కరెంటు చేరినదని 2018 ఏప్రిలు 28వ తేదీన ప్రభుత్వము ప్రకటించిన మాట నిజమే. కాని బడి, పంచాయతీ కార్యాలయము వంటి చోట్లకును, నూటికి పది యిండ్లకును తీగ చేరినచో ఆ యూరికి కరెంటు చేరినట్లే లెక్క. ఊరిలోని స్తంభమునుండి మైలు దూరమున, గెడ్డకు ఆవలనున్న గట్టునకు ఆ తీగ రానేరదు. కావున అచ్చట బస నడుపువాడు తన నీరు, తన దీపము, తన పారిశుద్ధ్యము తానే చూచుకొనవలెను.

మా అభిప్రాయమును మొదటనే చెప్పుదుము. ఇట్టి బసను యాత్రికులు వచ్చు పుష్యమాసమును చూచి కట్టరాదు. రోహిణికార్తెలో మిగిలిన నీటిని, ఆశ్లేషకార్తెలో కనబడిన యెండను కొలిచి, ఆ రెండు కొలతలు ఒప్పినన్ని గదులే కట్టవలెను. ఇది మొదటి మాట. ఇట్టి బసకు యజమాని బయటి పెట్టుబడిదారుడు కారాదు, పల్లెవారి సంఘము కావలెను. ఇది రెండవ మాట. ఈ రెంటిలో ఏది తప్పినను లాభము మాట యటుండ, రైతు భూమికే ముప్పు వచ్చును.

నీటి లెక్క

సేద్యగానికి ఈ న్యాయము క్రొత్త కాదు. చెఱువు నిండిన నాటి నీటిని చూచి రెండవ పంట వేయువాడు తెలివిగలవాడు కాడు గదా! బసయు నట్టిదే. కార్తికమాసమున జలజల పాఱు ఊట జ్యేష్ఠము వచ్చునప్పటికి బొట్టుబొట్టుగా కాఱవచ్చును. కావున మే నెల చివర, రోహిణికార్తెలో, 20 లీటర్ల డబ్బా నొకదానిని ఊటక్రింద పెట్టి, అది నిండుట కెంతసేపు పట్టునో గడియారముతో చూడవలెను. ఉదయము, సాయంకాలము కూడ చూచి, వారము దినములు వ్రాసి యుంచవలెను.

10 నిమిషములకు డబ్బా నిండినచో గంటకు 120 లీటర్లు, దినమునకు 2,880 లీటర్లు వచ్చుచున్నవని తేలును. అందు సగము పల్లెకును, పశువులకును, క్రిందివారి మళ్లకును విడువవలెను. ఇది ధర్మము మాత్రమే కాదు, వివేకము కూడ. ఊటను ఆపిన బసకు పల్లెలో మిత్రులుండరు. మిగిలిన సగము 1,440 లీటర్లు మనకు దక్కును.

ఇక ఖర్చు చూతము. చెంబుతోను బకెట్టుతోను స్నానము చేయు అతిథికి అన్ని యవసరములకు కలిపి దినమునకు 100 లీటర్లు చాలును; తలమీద కురియు జల్లు కుళాయి పెట్టినచో ఈ లెక్క నిలువదు. నాలుగు గదులలో ఎనమండ్రుగురు అతిథులకు 800, పనివారు నలుగురికి 50 చొప్పున 200, వంటకును, దుప్పట్లు ఉతుకుటకును 300, మొత్తము 1,300 లీటర్లు. అనగా 10 నిమిషములకు డబ్బా నింపు ఊట నాలుగు గదులకు సరిగా సరిపోవుచున్నది. 20 నిమిషములు పట్టినచో మన వంతు 720 లీటర్లే. అది రెండు గదులకు మాత్రమే చాలును. అప్పుడు నాలుగు గదులు కట్టువాడు వేసవిలో రెంటికి తాళము వేయవలెను, లేదా ట్రాక్టరుమీద నీరు తెప్పింపవలెను. ఘాటీ బాటలో నీరు తోలించిన బసకు లాభము మిగులుట కల్ల.

ఊట బసకంటె ఎత్తున నున్నచో అదియే భాగ్యము. మోటారు అక్కఱలేదు, గొట్టము వేసిన నీరు తనంత తానే దిగును. తొట్టి గదులకంటె 3 మీటర్ల ఎత్తున నున్నను బకెట్టు నింపు కుళాయి పాఱును. 10 మీటర్లున్నచో చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలోగ్రాము ఒత్తిడి కలుగును. ఊట క్రిందనుండి, అచ్చట నీరు ధారాళముగా జాలువాఱుచున్నచో హైడ్రాలిక్ రామ్ అను యంత్రమును ఆలోచింపదగును. 1796లో ఫ్రాన్సు దేశమున మాంగోల్ఫియే కనిపెట్టిన ఈ యంత్రము నూనె గాని కరెంటు గాని లేకయే, జాలువాఱు నీటి ఒత్తిడితోనే అందు కొంత భాగమును పైకి ఎగద్రోయును. ధ్వని కొంచెము చేయును, అంతకుమించి అడుగదు.

కప్పుమీది వానను కూడ వదలరాదు. ఒక చదరపు మీటరుమీద ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరు. 100 చదరపు మీటర్ల రేకు కప్పుమీద ఏటికి 1,000 మిల్లీమీటర్లు కురిసినచో లక్ష లీటర్లు. జాఱిపోయినది పోగా 80 వేలైనను చిక్కును. అయితే ఈ నీరంతయు వానకాలములోనే వచ్చును. వేసవి దాక దాచుటకు పెద్ద తొట్టి కావలెను. కావున దీనిని ఉతుకుటకును కడుగుటకును వాడి, ఊటనీటిని త్రాగుటకును వంటకును నిలుపుట మేలు. త్రాగు నీరు ఊటదైనను సరే, కాచి చల్లార్చి ఇయ్యవలెను. మూడు దినముల నీరు, అనగా 4,000 లీటర్లు, తొట్లలో ఎల్లప్పుడు నిలువ యుండవలెను. గొట్టమును అడవిపంది కదలించినను, కొండచఱియ విఱిగినను, బాగుచేయుటకు ఆ మూడు దినముల వ్యవధి యవసరము.

ఎండ లెక్క

నీటికి రోహిణి యెట్టిదో సూర్యశక్తికి ఆశ్లేష యట్టిది. సౌరఫలకములు అమ్మువారు నిర్మలమైన దినపు లెక్కనే చెప్పుదురు. 1 కిలోవాటు ఫలకములు అట్టి దినమున సుమారు 4 యూనిట్లు ఇచ్చును. ఇది సత్యమే. కాని ఆగస్టు మొదటి పక్షమున మబ్బు కొండను విడువని దినములలో అది నాలుగవ వంతునకు దిగవచ్చును. కావున కట్టుబడికి ముందు చిన్న ఫలకమునొకదానిని మీటరుతో సహా ఆ గట్టుమీద ఒక వానకాలమంతయు పెట్టి, దినదినము వచ్చిన శక్తిని వ్రాసికొనుట ఉత్తమము. ఆ పుస్తకమే మీకు నిజమైన సలహాదారు.

నాలుగు గదుల ఖర్చిది. గదికి 9 వాట్ల దీపములు మూడు 5 గంటలు వెలిగినచో 135 వాట్‌గంటలు. 30 వాట్ల క్రొత్తరకపు పంకా 10 గంటలు తిరిగినచో 300. రెండు సెల్‌ఫోనులకు 30. మొత్తము 465, అనగా గదికి అర యూనిట్టుకు లోపుగా, నాలుగింటికి సుమారు 2 యూనిట్లు. వంటయింటికిని, అరుగునకును, బాటకును అర యూనిట్టు, చిన్న రిఫ్రిజిరేటరుకు 1, మార్గమధ్యమున వ్యర్థమగునది అర. అంతయు 4 యూనిట్లు. దీనికి 2 కిలోవాట్ల ఫలకములు పెట్టినచో మంచి దినములలో పుష్కలముగా నుండును. మబ్బు దినములలో 2 యూనిట్లే వచ్చినను, రెండు గదులు మాత్రము తెఱచి, రిఫ్రిజిరేటరు ఆపి గడపవచ్చును. వానలలో యాత్రికులును తక్కువగానే వత్తురు గనుక ఇది కష్టము కాదు.

బ్యాటరీల విషయమున మనవారు మిక్కిలి నష్టపోవుచున్నారు. 12 వోల్టుల 150 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో 1.8 యూనిట్లు పట్టును. కాని సగమునకు మించి తోడినచో దాని యాయువు క్షీణించును. ఎద్దు మోయగలిగినంత బరువును నిత్యము మోపినచో ఎద్దేమగును? ఇదియు నంతే. అట్టివి ఎనిమిది పెట్టినచో 14.4 యూనిట్లు, వాడదగినది 7.2 మాత్రమే, అనగా రెండు దినములకు కొంచెము తక్కువ. లిథియం బ్యాటరీని నూటికి 80 వంతుల వఱకు వాడవచ్చును గనుక 9 యూనిట్లదైనచో అంతే పని చేయును. వెల హెచ్చు, ఆయువును హెచ్చు. సీసపువాటికి స్వేదనజలము మట్టము నెలనెల చూచి పోయవలెను. కొనలకు పట్టిన తెల్లని పొడిని తుడువవలెను. గాలి యాడు గదిలో, నిప్పునకు దూరముగా నుంచవలెను. పిడుగులు పడు కొండలలో ఫలకముల చట్రమునకు భూమితీగ వేయకుండుట ఆత్మహత్యతో సమానము.

వేడినీటి కుండెలను గూర్చి యొక మాట. 2,000 వాట్ల గీజరు ఒక గంట పనిచేసినచో 2 యూనిట్లు తినును. నాలుగు గదులలో నాలుగు గీజర్లు ఒక్క గంటలో బసయంతటి రెండు దినముల కరెంటును హరించును. లంబసింగి వంటి చలిచోట్ల వేడినీరు లేనిదే అతిథి నిలువడు, నిజమే. దానికి కప్పుమీద సౌరతాపకమును పెట్టవలెను. ముందటి దినపు యెండకు కాగిన నీరు తెల్లవాఱు వఱకు వెచ్చగా నుండును. మబ్బు దినములకు మన పూర్వుల కాగు ఉండనే యున్నది. కాఫీతోటలో నీడకు పెంచు సిల్వరు ఓకు చెట్ల కొమ్మలు ఏటేట నఱకుచునే యుందుము. ఆ కట్టెలు దీనికి చాలును. అడవికి పోయి పచ్చికట్టె కొట్టనక్కఱలేదు.

వంటకు ఆవు, గేదె యున్నచో గోబరు గ్యాసు సులభము. రెండు ఘనమీటర్ల తొట్టికి దినమునకు సుమారు 50 కిలోల పేడ కావలెను. అయిదు పశువులున్న కొట్టము దానికి చాలును. ఆఱేడుగురి వంట దానిమీద జరుగును. తొట్టినుండి వెలువడు మడ్డి మిరియపు పాదులకు మంచి యెరువు. మిగిలిన వంటకు గ్యాసు బండ యొకటి అదనముగా నుండుట మంచిది.

మలినములు, ఆరోగ్యము

బస చెడిపోవుట సాధారణముగా మరుగుదొడ్డిలో మొదలగును. గొయ్యి ఊటకు ఎగువన నున్నచో, ఊటలోనికి ఊరునదేమో చెప్పనక్కఱలేదు. ఊటకు దిగువన, కనీసము 15 మీటర్ల దూరమున జంట గోతుల దొడ్డిని కట్టవలెను. ఒక గొయ్యి నిండిన పిమ్మట రెండవదానికి త్రిప్పి, మొదటిదానిని రెండు సంవత్సరములు కదల్పకుండ విడిచినచో అది వాసన లేని మట్టి యగును, చెట్లకు వేయవచ్చును. ఆ గోతులలో ఫినాయిలు, బ్లీచింగు పోయరాదు. కుళ్లించు సూక్ష్మజీవులు చచ్చును. స్నానపు నీటిని అరటి, చేమ పాదులకు పాఱింపవలెను, ఎక్కడను నిలువరాదు. నిలిచిన నీరు దోమ, దోమవలన మలేరియా, ఇది మన్యమువారికి వేఱుగా చెప్పవలసిన సంగతి కాదు. ప్రతి మంచమునకు దోమతెర యుండవలెను.

చెత్తను గూర్చి కఠినముగా నుండవలెను. ఒకమాఱు వాడి పాఱవేయు ప్లాస్టికు పళ్లెములు, గరిటెలు, గొట్టములు మున్నగువానిని ప్రభుత్వము 2022 జూలై 1వ తేదీనుండి దేశమంతటను నిషేధించినది. నీటి సీసాలు మాత్రము అందు చేరలేదు. కొండలమీద మనకు కనబడు చెత్తలో ఆ సీసాలే హెచ్చు. కావున రాగిబిందెలో కాచిన నీరు పెట్టి, అతిథి తెచ్చిన ప్రతి సీసాకు 20 రూపాయలు ధరావతు కట్టించుకొని, తిరిగి చూపినప్పుడు ఇయ్యవలెను. అతిథి తెచ్చిన చెత్త అతిథితోనే కొండ దిగవలెను.

సెల్‌ఫోను పలుకని చోట జబ్బు వచ్చినచో ఏమి చేయుదుమను ప్రశ్నకు జవాబు మొదటి అతిథి రాకముందే సిద్ధముగా నుండవలెను. ఏ రాతిమీద నిలిచిన ఫోను పలుకునో పనివారందఱికి తెలియవలెను. పాము కఱచినచో కోయరాదు, నోటితో పీల్చరాదు, తాడు బిగింపరాదు. కఱచిన అవయవమును కదలింపక, రోగిని ఓదార్చుచు, విషమునకు విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్పవలెను. ఆ మందు ఏ యాసుపత్రిలో నున్నదో, బండి ఎవరిదో, రాత్రి ఎవరు తోలుదురో ముందే వ్రాసి గోడకు అంటింపవలెను. వేసవిలో కారుచిచ్చు భయము కలదు. మాఘము చివరనే బస చుట్టును 5 మీటర్ల వెడల్పున ఆకు అలము ఊడ్చి నేల కనబడునట్లు చేయవలెను. వానలకు బాట తెగునప్పుడు వారము దినములకు చాలిన బియ్యము, పప్పు, ఉప్పు, కిరసనాయిలు లాంతరు లోపలనుండవలెను.

వెదురుతో కట్టువారు దానిని బోరాక్సు, బోరికామ్లము కలిపిన నీటిలో నానబెట్టి ఆరవేసినచో పుచ్చదు. సొంత భూమిలో పెంచిన వెదురు 2017లో జరిగిన చట్టసవరణవలన చెట్టు అను నిర్వచనమునుండి తొలగింపబడినది. అడవిలోని వెదురునకు ఈ సడలింపు లేదు.

పంటకును, బసకును పోటీ

ఇంతవఱకు చెప్పినవి సామగ్రి లెక్కలు. మనుష్యుల లెక్క వీనికంటె కష్టమైనది. మన్యమున కాఫీపండ్లు ఏరు కాలము నవంబరునుండి ఫిబ్రవరి వఱకు. యాత్రికులు గుంపులుగా వచ్చు కాలమును అదియే. పండ్లు ఏరు చేతులే గదులూడ్చు చేతులు; ఆ చేతులు చాలవఱకు స్త్రీలవి. తెల్లవాఱుజామున కాగు రాజవేసి, అతిథులకు కాఫీ యిచ్చి, పగలు తోటలో పండ్లేరి, సాయంకాలము మఱల వంటకు నిలుచు స్త్రీకి విశ్రాంతి యెప్పుడు? ఆమె కష్టమును లెక్కలో వేయక, అది యింటి పనియే యని మూయుదురు. మేము చూచిన యొక బసలో యజమాని లాభము లెక్క చెప్పుచుండెను. భార్యకు, కూతురుకు కూలి ఎంత వేసినారని అడుగగా ఊరకుండెను. ఆ కూలి వేసినచో లాభము మిగులలేదు. ఇట్టి లాభము లాభము కాదు. వంతులవారీగా పనివారిని ఏర్పఱచి, ప్రతివారికి దినకూలి పుస్తకమున వ్రాసి, ఇచ్చిన పిమ్మటనే మిగులు చూడవలెను. ఒక్క కుటుంబమునకు ఇది కష్టము. పది కుటుంబముల సంఘమునకు సులభము.

మఱియొక లాభము కూడ సంఘమునకే చేరును. గది అద్దెకంటె అతిథి తిను తిండిలో రైతుకు మేలు హెచ్చు. మన రాగులు, సామలు, రాజ్‌మా, పసుపు, మిరియము, పొలములోని కోడి ఇచ్చటనే వండి వడ్డించినచో దళారి లేడు, రవాణా లేదు. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కాఫీని పండించినవాని యరుగుమీదనే కూర్చుండి త్రాగిన అతిథి, పోవునపుడు రెండు కిలోలు కొనిపోవును. ఆ రెండు కిలోల సొమ్ము ఎవరి చేతికి చేరునన్నదే అసలు సంగతి.

భూమి ఎవరిది?

ఇక రెండవ మాటకు వత్తుము. బాట కొంచెము బాగుపడగనే పట్టణమునుండి పెద్దమనుష్యులు వత్తురు. "గట్టు మాకు ఇరువదియేండ్లు కౌలునకిమ్ము, గదులు మేము కట్టుదుము, నీకు కావలి పని, నెలకింత జీతము" అని మెత్తగా చెప్పుదురు. రైతు తన భూమిలో తానే కావలివాడగును. మన్యపు రైతులు ఒక సంగతి మఱవరాదు. షెడ్యూల్డు ప్రాంతముల భూబదలాయింపు నిబంధన 1959లో ఏర్పడి, 1970లో సవరింపబడి, 1/70 చట్టమను పేర ప్రసిద్ధమైనది. దాని ప్రకారము షెడ్యూల్డు ప్రాంతమునందలి భూమిని గిరిజనేతరునకు అమ్ముట మాత్రమే కాదు, తనఖా పెట్టుట, కౌలునకిచ్చుట, దానమిచ్చుట కూడ చెల్లదు. సంతకము చేసిన కాగితము కౌలు అని పేరు పెట్టుకొన్నను, ఒప్పందమని పేరు పెట్టుకొన్నను ఫలము ఒకటియే. 1997లో సమతా వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఈ నిబంధన యుద్దేశమును మఱింత దృఢపఱచినది.

అయితే ఆ నిబంధనయే యొక ద్వారమును తెఱచి యుంచినది. గిరిజనులకును, సభ్యులందఱు గిరిజనులే యైన రిజిస్టరు సహకార సంఘమునకును భూమి బదలాయింపు చెల్లును. చట్టము చేసినవారు సహకారమును ఎందులకు మినహాయించిరి? భూమి సంఘము చేతిలో నున్నప్పుడు అది పల్లెలోనే యుండునని గదా! కావున పెట్టుబడి కావలసినవారు పట్టణపు పెద్దమనుష్యునకు కాక సంఘమునకు చేతులు చాపవలెను. షెడ్యూల్డు ప్రాంతము కాని చోట్ల ఈ నిబంధన వర్తింపకపోయినను, అందలి వివేకము వర్తించును.

కొందఱు ఆక్షేపింతురు. సంఘములలో తగవులుండును, ఒక్కనిదైనచో త్వరగా సాగునందురు. తగవులుండుట నిజమే, అవి లెక్క దాచినచోటనే పుట్టును. అద్దె వచ్చిన దినముననే పుస్తకమునకెక్కించి, నెలకొకమాఱు రచ్చబండకడ చదివినచో సగము తగవులు పుట్టకయే చచ్చును. మఱికొందఱు డీజిలు జనరేటరు పెట్టినచో ఈ సూర్యుని లెక్కలెందుకని యడుగుదురు. లీటరు డీజిలుకు సుమారు 3 యూనిట్లు వచ్చును. నూనె వెలను మూటికి భాగించి, ఘాటీ మీదికి మోసిన కూలిని కలిపి చూచుకొనుడు. దాని ధ్వనికి అడవి నిశ్శబ్దము చెడును. ఆ నిశ్శబ్దము కొఱకే అతిథి వచ్చెను. శీతలయంత్రము లేనిదే ధనికులు రారను మాట కూడ వింటిమి. అట్టివారు రానక్కఱలేదు. కొండగాలి చాలనివానికి పట్టణమున హోటళ్లు పెక్కులున్నవి.

మరమ్మతు నిధి

లెక్కలలో మిక్కిలి మఱచునది అరుగుదల. ఉదాహరణకు నాలుగు గదులు చలికాలపు 90 దినములలో సగము నిండినవనుకొందము: 180 గది-రాత్రులు. మిగిలిన తొమ్మిది నెలలలో 110 అనుకొందము. మొత్తము 290. ఎనిమిది బ్యాటరీలు ఒక్కొక్కటి 15,000 రూపాయలని వేసికొని, అయిదేండ్లకు మార్చవలెననుకొన్నచో 1,20,000 రూపాయలు, ఏటికి 24,000. అనగా అతిథి యిచ్చిన ప్రతి రాత్రి యద్దెలో 83 రూపాయలు బ్యాటరీలవి, మనవి కావు. ఇట్లే కప్పునకు, పరుపులకు, గొట్టములకు, ఇన్వర్టరుకు వంతులు వేయవలెను. ఈ సొమ్మును సంఘపు బ్యాంకులో వేఱు ఖాతాలో నుంచి, ఇద్దఱి సంతకములతో తప్ప తీయరాదు. అయిదవయేట బ్యాటరీలు చల్లబడినపుడు అప్పు వెదకు బస ఆఱవయేట మూతపడును. మూతపడిన బస గట్టును కొనుటకు పట్టణపు పెద్దమనుష్యుడు మఱల వచ్చును. రైతు చేతినుండి భూమి జాఱుట ఒక్క సంతకమున మాత్రమే కాదు, ఇట్టి చిన్న యశ్రద్ధల వరుసలో కూడ జరుగును.

కావున సోదర కర్షకులారా! తొందరపడకుడు. ఒక సంవత్సరము కొలువుడు. రోహిణిలో డబ్బాతో నీరు కొలువుడు. ఆశ్లేషలో మీటరుతో యెండ కొలువుడు. పంటకాలమున ఎన్ని చేతులు ఖాళీగా నున్నవో కొలువుడు. మూడు కొలతలును సంఘసభలో చదువుడు. రెండు గదులకే ఒప్పినచో రెండే కట్టుడు. అవి నిలుకడగా మూడేండ్లు నడచి, నిధి నిండిన పిమ్మట మూడవదానిని ఆలోచింపుడు. ఏ లెక్కయు ఒప్పకున్నచో కట్టకుడు. కాఫీ, మిరియము ఎక్కడికిని పోవు. గది వేయకపోయినవానికి గట్టు మిగులును. లెక్క లేక వేసినవానికి గట్టును మిగులదు.